పిల్లుల్ని పంపించవలసిందిగా ప్రార్థన

మేము కాపురాలకి వెళ్ళిన రోజుల్లో మొగుడి పేరు పైకి పలికితే ఆయన ఆయుష్షు తగ్గిపోతుందనేవారు. ఒక్క మొగుడిదేనా? అత్తగారి పేరు, మామగారి పేరు, ఆయన్ని కన్నవాళ్ళ పేర్లు, అన్నీ కడుపులో దాచుకోవలసిందే. మా పినత్తగారైతే వాళ్ళాయన పేరులో 'ఆది' ఉందని ఆదివారాన్ని జన్మంతా 'శనివారం మర్నాడు' అంటూ గడిపేసింది. ఇప్పుడు మా మనవరాలు మొగుడికి ఉత్తరం రాసి, కవరు మీద ఆ పేరు తనే టకటకా రాసి పారేస్తోంది. ఆయనకి జలుబైనా చేసినట్టు లేదు. ఆ వెధవ నియమం ఒకటి లేకపోతే నా కాపురంలో సగం కష్టాలు ఉండేవి కావు. మిగతా సగానికి కారణం పిల్లులు. ఆ రెండూ కలిసి నన్ను పదహారేళ్ళ వయసులో ఎన్ని చెరువుల నీళ్ళు తాగించాయో చెబుతాను, వినండి. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం బాధ లేదు, నేనే నవ్వుకుంటున్నాను.

మా అత్తవారిల్లు నరసాపురం వెళ్ళే కాలవ ఒడ్డున, లాకుల పక్కన. (కాలవలో నీళ్ళు ఒక పక్క ఎత్తుగా, ఇంకో పక్క పల్లంగా ఉన్నచోట పెద్ద తలుపులు బిగించి, పడవల్ని మెల్లిగా ఎక్కించి దింపుతారే, అవే లాకులు. అప్పటికి మా వైపు రైలు ముఖం ఎరగం, కాశీకి పోవాలన్నా మొదట పడవే ఎక్కాలి.) మామగారు ఆ లాకుల దగ్గర ముప్పై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసి దిగిపోయారు. ఆయన పని మానేసిన ఏడే మా అత్తగారు పోయారట. ఆవిడ పెంచుకున్న పిల్లి ఒకటి ఉండేది. కింద హాల్లో ఆవిడ పదోరోజు జరుగుతుంటే అది అటక మీద నాలుగు కూనల్ని పెట్టింది. ఎవరో ఆ కూనల్ని ఎక్కడైనా వదిలేసి వస్తామంటే, "ఇవాళ కాదులెండి" అన్నారట మామగారు. ఆ 'ఇవాళ' మరి తెల్లారలేదు. నేను కాపురానికి వచ్చేటప్పటికి ఇంట్లో ముప్పైకి పైనే ఉన్నాయి. సరిగ్గా ఎన్నో నేను చెప్పలేను, ఎందుకంటే నేను లెక్కపెట్టడం మొదలుపెట్టగానే అవి చోట్లు మార్చుకునేవి.

నాలుగు ముప్పై ఎలా అయ్యాయంటారా? సగం వాటంతట అవే అయ్యాయి. మిగతా సగం ఊళ్ళో ధర్మాత్ముల చలవ. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలని శాస్త్రం. ఏరు దాటించి వదిలేస్తే మాత్రం ఏ దోషమూ లేదు, నీళ్ళు దాటిన పిల్లి తిరిగి ఇల్లు చేరలేదని అందరికీ నమ్మకం. అంచేత ఆవలి ఒడ్డున ఏ ఇంట్లో పిల్లి ఈనినా, కూనలు కళ్ళు తెరవగానే బుట్టలో పెట్టి, పైన గుడ్డ కప్పి, మా రేవులో దింపేవారు. "గుమాస్తాగారూ, తమరి చేతుల్లో పడితే దీని జన్మ ధన్యమండీ. తమరి భూతదయ ఈ చుట్టుపక్కల ఎవరికుందండీ!" అని చేతులు జోడించి, పిల్లిని ఇచ్చి పుణ్యం పట్టుకుపోయేవారు. ఆవలి ఒడ్డు పెద్దరైతుగారైతే ప్రతి ఏడూ రెండు బుట్టలు. అంత భూతదయ మెచ్చుకునే మనిషి తన పదహారు గేదెల పాడిలోంచి గరిటెడు మజ్జిగ పంపిన పాపాన పోలేదు. మామగారు ఎవర్నీ కాదనేవారు కాదు. బుట్ట అందుకుని, లోపల చెయ్యిపెట్టి నిమిరి, అక్కడికక్కడే పేరు పెట్టేవారు. అదుగో, అక్కడొచ్చింది నాకు చావు.

మొదట తన తల్లి పేరు, తండ్రి పేరు, పోయిన అన్నల పేర్లు పెట్టారు. అత్తగారి పేరు ఆవిడ పిల్లికే ఇచ్చారు. చుట్టాలు అయిపోయాక దేవుళ్ళని అందుకున్నారు. దేవుళ్ళూ అయిపోయాక కాలవలు తవ్వించిన ఇంజనీరు దొరల పేర్లు ఎత్తుకున్నారు. (నేను గిన్నెలు తోముకుంటుంటే దొరగారు నా పక్కనే కూర్చుని ఎలుకతోక నములుతుండేవారు.) దొరలతో నాకేం పేచీ లేదు, నోరారా తిట్టుకునేదాన్ని. కాని ఇంటికి పెద్దదైన గండుపిల్లికి మామగారి తండ్రి పేరు. మనవడికి తాత పేరు పెట్టడం ఆచారం గనక మావారిదీ అదే పేరు! ఇక చూసుకోండి. ఆ గండుపిల్లి పాలు కాగే దాలి పొయ్యి మీదకి లంఘిస్తుంటే పేరు పెట్టి అదిలించడానికి వీల్లేదు. 'ఛీ ఛీ' అందామంటే అది తాతగారు. ఒకనాడు పాలకుండ మూత జరుగుతుంటే తట్టుకోలేక, "ఏమండీ! ఏమండీ! ఆ మూతి కాస్త అవతల పెట్టండి!" అని కేకేశాను. వీధి అరుగు మీద కాళ్ళు కడుక్కుంటున్న మావారు, "ఏం చేశానే నేను?" అంటూ పరుగెత్తుకొచ్చారు. ఇద్దరూ నా ముఖం కేసి ఒకేలా చూశారు. ఈ కథలో కూడా దాన్ని గండుగారు అనే అంటాను. ఆ పేరు నా చేత రాయించాలని చూడకండి, మావారు పోయి పదేళ్ళయినా రాయను.

నవ్వులాటకి చెబుతున్నాను గాని ఆ ఇంట్లో నవ్వులాట ఏమీ లేదు. పాడి అంతా కలిపి ఒక్క గేదె. ముప్పై నోళ్ళకి ఒక తప్పేలా మజ్జిగన్నం. గండుగారూ దొరలూ బోర్లా పడి తినేసేవారు, మిగతావి ఖాళీ పళ్ళెం నాకేవి. బక్కచిక్కిన ఒళ్ళు, రాలిన బొచ్చు, చీము కారే కళ్ళు. వంటింట్లోంచి పడమటింట్లోకి ముక్కు మూసుకోకుండా వెళ్ళలేం. మామగారు తన విస్తట్లో అన్నం సగం వాటికే పెట్టి, మిగతా సగం తిన్నాననిపించి లేచిపోయేవారు. మనిషి రోజురోజుకీ పలచబడిపోతున్నారు. ఎవరైనా అడిగితే, "మా వాటికేం లోటు? మహారాజుల్లా ఉన్నాయి" అనేవారు. ఒకసారి గాదె వెనక చచ్చిపోయిన కూన ఒకటి కనిపించింది. నేను తలుపు చాటున నిలబడి చూస్తున్నాను. (మామగారి ఎదట పడకూడదు, ఆయనతో మాటాడకూడదు, అదీ ఒక నియమం.) ఆయన దాన్ని ఉత్తరీయంలో చుట్టి దొడ్లో అరటిచెట్టు కింద పాతిపెట్టి వచ్చారు. మర్నాడు రేవులోంచి ఇంకో బుట్ట తెచ్చుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "దీనికి దయ అని పేరు పెట్టిందెవరు?" అని పైకే అనేశాను, పక్కనున్న పిల్లితో. ఆ ఇంట్లో నేను మామగారికి ఏం చెప్పాలన్నా పిల్లితోనే చెప్పాలి. "పిల్లీ, మామగారికి నీళ్ళు తోడానని చెప్పు" అంటే, ఆయన అటు తిరిగి, "వస్తున్నానని చెప్పు" అనేవారు. కాని ఆవేళ ఆయన ఇటు తిరగనైనా తిరగకుండా, బుట్టలో చెయ్యిపెట్టి కూనని నిమురుతూ కూర్చున్నారు.

మావారిని తండ్రితో మాటాడమని పోరాను. నరసాపురంలో ప్లీడరుగారి గుమాస్తా గదా, నాలుగు ముక్కలు వాదిస్తారని ఆశ. గంటసేపు అరుగు మీద తండ్రీ కొడుకులు మాటాడుకున్నారు. నేను తలుపు సందున చెవి పెట్టుకుని నిలబడ్డాను. లోపలికొచ్చేటప్పటికి మావారి చేతుల్లో ఒక కూన. "దీనికి తల్లి లేదటే" అన్నారు. ఆ ప్లీడరుగారు వ్యాజ్యాలు ఎలా గెలిచేవారో భగవంతుడికే తెలియాలి.

ఇక లాభం లేదని నేనే నడుం కట్టాను. అందరూ మా ఒడ్డున పారేస్తుంటే నేను ఆ ఒడ్డున పారెయ్యకూడదా? పేరంటం ఉందని చెప్పి, పసుపు బట్ట కప్పిన పెద్ద బుట్టలో ఏడు పిల్లుల్ని కుక్కి, దోనె ఎక్కాను. దోనెవాడు, "వాయనం మ్యావంటోందేంటమ్మా?" అన్నాడు. "నీకెందుకు, నడుపు" అన్నాను. ఆవలి ఒడ్డున పెద్దరైతుగారి గడ్డివాము పక్కన బుట్ట బోర్లించి, చేతులు దులుపుకుని, తిరుగు దోనె కోసం రేవులో నిలబడ్డాను. నీళ్ళు దాటాయి గదా, ఇక తిరిగి రావు! అంత గొప్పగా నమ్మినదాన్ని, లాకు తలుపుల మీద మనుషులు దాటడానికి అడుగు వెడల్పు బల్ల ఉంటుందన్న సంగతి మరిచిపోయాను. నేను ఇంకా దోనె కోసం మెడ చాచి చూస్తుండగానే, ఏడు పిల్లులూ తోకలు నిలబెట్టుకుని, పెళ్ళివారిలాగ ఒకదాని వెనక ఒకటి ఆ బల్ల మీదుగా ఇంటికి పోతున్నాయి. లాకు కూలీలు పని మాని మరీ దారిచ్చారు. నేను ఇల్లు చేరేటప్పటికి పళ్ళెం దగ్గరకి తిరిగొచ్చినవి ఏడు కాదు, ఎనిమిది. ఎనిమిదోది పెద్దరైతుగారిది, దారి తెలుసుకుని వాటితోపాటే వచ్చేసింది.

ఆ తరవాత నేను నెల తప్పడం, మొగల్తూరు పక్కనున్న మా పుట్టింటికి పురిటికి వెళ్ళడం జరిగింది. నన్ను తీసుకెళ్ళడానికి మా అమ్మ వచ్చింది. ఆ ఒక్క పూటలో ఆవిడ చీర మీద ఒక దొరగారు పడుకోవడం, పడుకున్నవారు లేచి వెళ్ళేటప్పుడు గుర్తుగా ఏదో విడిచి వెళ్ళడం కూడా అయ్యింది. ఆవిడ పెదవి విప్పలేదు. ఆడపిల్ల పుట్టి, అయిదో నెలలో నేను తిరిగి వెళ్ళవలసిన రోజులు దగ్గరపడ్డాక అప్పుడు విప్పింది. "పసిపిల్లని ఆ పిల్లుల కొంపకి పంపను గాక పంపను. ఉయ్యాల్లో ఏ గండుపిల్లి ఎక్కి ముఖాన కూర్చుంటే ఎవడు దిక్కు? అవి ఉన్నంతకాలం నువ్వూ కదలవు, పిల్లా కదలదు!" మావారు వచ్చి గుమ్మంలో బిక్కముఖంతో నిలబడితే ఆయన్నీ వట్టి చేతుల్తో పంపేసింది. మొదటిసారి కూతుర్ని చూసిన మనిషి, దాని వేలు విడిపించుకోలేక ఎంతసేపు నిలబడ్డారో! నాకు ఏడుపొచ్చింది. నా కాపురం ఆ ముప్పై పిల్లుల తోకలకి వేలాడుతోందని అప్పుడు తెలిసింది.

మా నాన్నని ఉత్తరం రాయమంది అమ్మ. "ఆ పిల్లుల్ని తరిమెయ్యమని రాయండి. గోనెలో కట్టి పారెయ్యమనండి." మా నాన్న చెవులు మూసుకున్నాడు. "వియ్యంకుడికి ఎవరైనా అలా రాస్తారటే? పెద్దమనిషి ఏమనుకుంటాడు?" అని, గంట ఆలోచించి, కలం నాలుగుసార్లు ముంచి, మా గోదావరి మర్యాదంతా ఒలకబోసి ఇలా రాశాడు: 'అమ్మాయినీ పసిపిల్లనీ తమ గృహానికి పంపుటకు మాకు మిక్కిలి సంతోషము. అంతకుముందుగా తమరు దయచేసి పిల్లుల్ని పంపించవలసిందిగా ప్రార్థన.' చదివి వినిపించి, "ఎంత సున్నితంగా చెప్పానో చూశావా!" అన్నాడు. నిజమే, సున్నితంగానే ఉంది. ఎక్కడికి పంపించాలో మాత్రం అందులో లేదు.

తొమ్మిదో రోజున మా ఊరి రేవుకి పడవ వచ్చింది. సరంగు పెద్ద గొంతుకతో, "వియ్యాలవారింటి నుంచి సారె అండీ!" అని కేక పెట్టాడు. అమ్మ కొత్త చీర కట్టుకుని, చుట్టుపక్కల నలుగురు ముత్తయిదువల్ని వెంటేసుకుని మరీ వెళ్ళింది. ఒక కావిడిలో అరిసెలు, పొంగడాలు. వెనక ఆరు వెదురు బుట్టలు. బుట్టల్లో పన్నెండు పిల్లులు. ఒక్కొక్కదాని మెడకీ పసుపుతాడు. ముత్తయిదువలు చీర చెంగులు నోట్లో కుక్కుకున్నారు. అమ్మ అక్కడే రేవు మెట్టు మీద కూలబడిపోయింది. సరంగు మా నాన్న చేతిలో ఉత్తరం పెట్టాడు. అది మా పెట్టెలో చాలా ఏళ్ళు ఉండేది, ఇప్పుడు లేదు, అయినా ప్రతి ముక్కా నాకు గుర్తే.

'బావగారికి నమస్కారములు. తమ ఉత్తరము అందినది. ఇన్ని సంవత్సరములలో నా గుమ్మములోనికి పిల్లిని తెచ్చి ఇచ్చినవారే గాని, ఒక పిల్లిని ఇమ్మని నన్ను అడిగినవారు లేరు. తమరు మొదటివారు. రెండు దినములు నిద్ర లేక ఆలోచించి, ప్రయాణమునకు ఓర్వగలవాటిని ఎంచి పంపుచున్నాను. ఒంటికన్ను దానికి చేతితో పెట్టవలెను, పళ్ళెములో తినదు. నల్లమచ్చది ఉరుముకు భయపడును, అప్పుడు మంచము క్రిందికి పోనిండు. గండుపిల్లిని పంపుట లేదు, మన్నించవలెను. అల్లుని పేరుగల జీవి అత్తవారింట స్థిరపడినచో, అబ్బాయి ఇల్లరికము వచ్చెనని లోకులు అనుకొందురు.'

నాన్న ఇల్లరికం దగ్గరకి వచ్చేటప్పటికి నవ్వాపుకోలేకపోయాడు. అమ్మ శాపనార్థాలు పెట్టింది. నేను మాత్రం 'అడిగినవారు లేరు' అన్నచోటే ఆగిపోయాను. మేమందరం ఆయన్ని 'వదిలించుకోండి, పారెయ్యండి, తరిమెయ్యండి' అన్నవాళ్ళమే. భార్య పోయాక మిగిలిన వాటిని పారెయ్యమంటే ఏ మనిషి పారేస్తాడు? ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. నేనూ గోనెలో కట్టి పారేసే బుద్ధితోనే బుట్ట పట్టుకుని కాలవ దాటాను గాని, ఒక్కనాడైనా ఆయన తలుపు దగ్గర నిలబడి, "పిల్లీ, నువ్వు మా పుట్టింటికి వస్తావా, మామగారిని అడిగి చెప్పు" అనలేకపోయాను. నా మీద నాకే సిగ్గేసింది. అప్పటివరకూ నేనొక్కదాన్నే బుద్ధిమంతురాల్నని నా నమ్మకం.

ఆ పన్నెండు పిల్లులూ మా ఇంట్లో వారం నిలవలేదు. చచ్చిపోలేదు, ఊళ్ళోవాళ్ళు పంచుకున్నారు. కోతలైపోయి గాదెలు నిండిన రోజులు, ఎలుకలతో ఊరంతా గోలెత్తిపోతోంది. ఒంటికన్నుదాన్ని మా నాన్నే ఉంచేసుకున్నాడు, ముద్దలు కలిపి చేత్తో పెట్టేవాడు. (అమ్మకి ఆయన అలా ఒక్కనాడూ పెట్టలేదు. ఆ మాట ఆవిడ చచ్చేదాకా అంటూనే ఉంది.) అత్తవారింట మిగిలినవి ఎవరికి కావాలో వాళ్ళచేతే మామగారికి ఉత్తరాలు రాయించాను. 'మాకో పిల్లిని ఇప్పించండి' అని బియ్యం పడవల సరంగులు కూడా వెళ్ళి అడగడం మొదలుపెట్టారు. మామగారు ఊరికే ఇచ్చేసేవారనుకుంటున్నారా? ఆడపిల్లనిచ్చే తండ్రిలాగ ఆరాలు తీసేవారట. ఇంట్లో పాడి ఉందా? కుక్కలున్నాయా? ఇంటావిడ కోపిష్టా? ఒక సరంగుని మూడుసార్లు తిప్పి, నాలుగోసారి ఇచ్చి, పడవ కదిలాక గట్టు వెంట కోసు దూరం నడిచారట. రెండు నెలల్లో ఇంట్లో ఏడు మిగిలాయని మావారు కబురు పెట్టారు. అమ్మ వేళ్ళు విరుచుకుని, మూతి మూడు వంకర్లు తిప్పి, "సరే, వెళ్ళు. గండుపిల్లిని మాత్రం నమ్మకు" అంది. ఏ గండుపిల్లినో చెప్పలేదు.

నేను వచ్చిన వారానికే పెద్దరైతుగారు బుట్టతో దిగారు. "గుమాస్తాగారూ, తమరి భూతదయ" అంటూ మొదలెట్టారు. మామగారి చెయ్యి బుట్ట కేసి వెళ్ళడం తలుపు చాటునుంచి చూశాను. ఇక ఊరుకోలేక, పక్కన పిల్లి లేకపోయినా ఉందనుకుని, "పిల్లీ, వారితో చెప్పు, ఇకమీదట మా ఇంట ఇచ్చినవారే పేరు పెట్టాలి. వారి తండ్రిగారి పేరైతే శ్రేష్ఠం. ఆ పేరు పలకడానికి నాకేం అడ్డం లేదు గనక, రోజూ రేవులో నిలబడి నోరారా పిలుచుకుంటాను. పాలదాకలో మూతి పెడితే అదే పేరుతో నాలుగు తిడతాను" అన్నాను. పెద్దరైతుగారి ముఖం వంకాయ రంగుకి తిరిగింది. బుట్ట తీసుకుని వచ్చినదారినే వెళ్ళిపోయారు. ఆ మాట పడవల వెంట ఆ కాలవ పొడుగునా పాకింది. మళ్ళీ మా రేవులో పిల్లిని దింపినవాడు లేడు. మామగారి భూతదయని పొగిడినవాడూ లేడు!

అంతా బాగానే ఉంది గాని, నా భయం పోలేదు. ఉయ్యాల పక్కన కర్ర పెట్టుకుని కూర్చునేదాన్ని. మామగారు గుమ్మం దాకా వస్తే చాలు, ఆయన పంచెకి పిల్లి బొచ్చు ఉంటుందని పిల్లని ఎత్తుకుని లోపలికి పోయేదాన్ని. ఆయన అక్కడే కాసేపు నిలబడి వెనక్కి తిరిగేవారు. ఇలా పది రోజులు గడిచాయి. పదకొండో రోజు పొద్దున్న ఆయన స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని వచ్చి గుమ్మం అవతల నిలబడ్డారు. పిల్లితో కాదు, తలుపుతో కాదు, నాతోనే అన్నారు. "అమ్మాయీ, పిల్లని ఒకసారి ఇస్తావా? మళ్ళీ ఇచ్చేస్తాను."

నియమం సంగతి మరిచిపోయి ఎదటికి వెళ్ళి పిల్లని ఆయన చేతుల్లో పెట్టాను. పిల్లకి మా అత్తగారి పేరే పెట్టాం. ఆయన ఆ పేరుతో ఒక్కసారి, మెల్లిగా పిలిచారు. పిల్ల ఆయన మీసం పట్టుకుంది. కొంచెంసేపటికి నేను అడక్కుండానే, "ఇదిగో, తీసుకో అమ్మా" అని తిరిగి ఇచ్చేశారు. ఇచ్చేసి అరుగు మీదకి వెళ్ళి, కండువాతో ముఖం తుడుచుకుంటూ చాలాసేపు కాలవ కేసి చూస్తూ కూర్చున్నారు.

మామగారిని నేనే బాగుచేశానని ఎన్నో ఏళ్ళు పేరంటాల్లో చెప్పుకున్నాను. ఆయన పోయిన చాలా రోజులకి, ఒకసారి మా నాన్న రాసిన ఉత్తరం సంగతి వచ్చి నేను నవ్వుతుంటే, మావారు నా కేసి జాలిగా చూశారు. "ముప్పై ఏళ్ళు దొరల తాకీదులు చదివిన మనిషికి ఆ ఒక్క వాక్యం అర్థం కాలేదనుకున్నావుటే పిచ్చిదానా?" అన్నారు. పన్నెండింటి మెళ్ళోనూ కూర్చుని పసుపుతాళ్ళు కట్టిన మనిషి, తరిమెయ్యమనే మా నాన్న రాశాడని తెలిసే కట్టారన్నమాట. కర్ర పట్టుకుని ఉయ్యాల పక్కన కాపలా కాసిన ఆ పదహారేళ్ళ గడుసు పిల్ల ఇప్పుడు నా ఎదట కనబడితే చెవి మెలిపెట్టి, ఆనక ముద్దు పెట్టుకుందును. పిల్లని ఆయన చేతికి ఇంకో పది రోజులు ముందే ఇవ్వవలసిందే నువ్వు, అని చెబుదును.